మన పద్దు మనమే రాసుకోవాలె

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దళితవాడల్లో కూలి, కౌలు కుటుంబాల సమావేశాల్లో మాట్లాడిన మాటలను ఒకచోట కలిపి రాసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముండ్లు "సారూ, ఇంటి ఖర్చుల లెక్క ఎట్ల రాసుకోవాల్నో చెప్పు" అన్నరు. నాకు ముందు నవ్వొచ్చింది. లెక్క రాయడానికి మన దగ్గర ఏమున్నది? వచ్చేది కూలి, పోయేది కిస్తీ. నడుమ ఇంత బియ్యం, ఇంత ఉప్పు, ఇంత కారం. బడ్జెట్ అనేది అసెంబ్లీలో మంత్రి చదివే మాట. వాడలో దానికేం పని? ఇట్ల అనుకుంటుండగానే మా నాయిన యాదికొచ్చిండు. నవ్వు ఆగిపోయింది. అందుకే ముందు మా నాయిన లెక్క చెప్పి, తర్వాత మన లెక్కకు వస్త.

చింతగింజల లెక్క

మాది జనగామ దిక్కు ఒక చిన్న పల్లె. మా నాయిన ఒక దొర దగ్గర జీతం ఉండె. జీతం అంటే ఇప్పటి పిల్లలు నెల జీతం అనుకుంటరు. కాదు బిడ్డా. ఉగాది నుంచి ఉగాది దాకా, పొద్దు పొడవకముందు పశువుల కొట్టం ఊడ్చుడు మొదలు రాత్రి మోటరు కాడ కావలి దాకా, మనిషిని మొత్తంగా అప్పజెప్పుడు. దానికి ఇంత వడ్లు, ఇంత పైస, ఒక గొంగడి, ఒక జత చెప్పులు ఇస్తరు. ఆ చెప్పులు గూడ మా తాతే కుట్టియ్యాలె.

మా పెద్దక్క పెండ్లికి నాయిన దొర దగ్గర అప్పు తెచ్చిండు. అది జీతంల కొట్టుకపోవాలె. నడుమ ఇంట్ల గింజలు నిండుకుంటే నాగుకు తెచ్చుడు. మా ఊళ్లె నాగు అంటే కుంచం తెస్తే కల్లం కాడ కుంచంనర కొలవాలె. జ్వరం వచ్చి రెండు దినాలు మంచంల పడితే ఆ దినాలు గూడ అప్పుల కలిసేది. ఇదంతా దొర ఇంట్ల ఎర్రబట్ట అట్ట వేసిన చిట్టాల గుమస్తా రాసేది. ఆ చిట్టాను మా నాయిన ఎన్నడు ముట్టలేదు. ముట్టనియ్యరు. ముట్టినా చదువ రాదు. మన బతుకు రాసిన పుస్తకానికే మనం రెండు తీర్ల అంటరానివాళ్లం.

నాయినకు చదువు లేదు గని లెక్క లేదనుకోవద్దు. ఇంట్ల దూలానికి రెండు గురుగులు వేలాడదీసిండు. కుంచం వడ్లు తెచ్చిననాడు ఒక గురిగిల ఒక చింతగింజ వేసేది. పది రూపాయలు తెచ్చిననాడు రెండో గురిగిల ఒక గింజ. 1990 ఉగాదికి నేను ఐదో తరగతి. నాయిన ఆ రెండు గురుగులు కండువల కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని దొర ఇంటి ముందుకు పోయిండు. నేను అరుగు కింద కూసుండి గింజలు ఎంచిన. మా లెక్కల వడ్లు పన్నెండు కుంచాలు. గుమస్తా చిట్టాల ఇరవై. పైసల కాడ గూడ అట్లనే తేడా. గుమస్తా నవ్విండు. "చింతగింజలు చెల్లుతయారా? ఎలుక ఎత్తుకపోయిందేమో" అన్నడు. దొర నవ్వలేదు. ఆయనకు నవ్వే అవసరం గూడ లేదు. నాయిన ఇంకో ఏడాది జీతం ఉన్నడు.

దారిపొడుగునా నాయిన మాట్లాడలేదు. ఇంటికొచ్చి రెండు గురుగులు వాకిట్ల కుమ్మరించి "రేపట్నుంచి నువ్వు రాయి" అన్నడు.

ఆ ఏడాదంతా నా ఎక్కాల పుస్తకం వెనుక పేజీలల్ల రాసిన. ఏ తారీకు, ఏం తెచ్చిండు, ఎంత, ఎవరు చూసిండ్రు. 1991 ఉగాదికి ఆ పుస్తకం పట్టుకొని పోతే మా వాడ పెద్దలు నలుగురు మా వెంట వచ్చిండ్రు. గుమస్తా తన చిట్టా చదివిండు, నేను నా పుస్తకం చదివిన. ఒక పద్దు కాడ ఆయన చదివిన తారీకున మా నాయిన అసలు ఊళ్లెనే లేడు, మేనత్త సావుకు పోయి ఉన్నడు. నలుగురి ముందట అది తేలింది. దొర "సరే, పోనియ్యి" అన్నడు. బాకీ సగం తగ్గించి, మిగిలిన సగం రెండు విడతల్ల కట్టించుకున్నడు. నాయిన జీతం బందయింది.

చప్పట్లు కొట్టకుండ్రి. ఇది గెలుపు కథ కాదు. అసలు సంగతి నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇట్లాంటి బాకీయే రద్దు. కట్టే పని లేదు. రద్దయిన బాకీ కింద పైసలు తీసుకుంటే తీసుకున్నవానికే జైలు. అంతకు ముందు నిజాం సర్కారు గూడ 1936లో భగేలా ఒప్పందాల మీద కట్టడి తెచ్చింది. మేము 1990లో లెక్క సరిచెయ్యమని దొర అరుగు కింద కూసున్నం. ఆ లెక్కే చెల్లదని చట్టం అప్పటికి పద్నాలుగేండ్ల కిందనే చెప్పి ఉన్నది.

అందుకే రెండు మాటలు మనసుల పెట్టుకోండ్రి. ఒకటి, మన లెక్క మన చేతి రాతల ఉండాలె. రెండు, ఏ బాకీ చెల్లుతది, ఏది చెల్లదు అన్నది గూడ మనకు తెలువాలె. మా నాయినకు మొదటిది ఆలస్యంగా దొరికింది, రెండోది దొరకనే లేదు.

చిట్టా చేతులు మారింది

దొరలు పోయిండ్రు గదా సారూ, ఇప్పుడు ఈ పాత కథ ఎందుకంటరేమో. ఈ నేల మీద జరిగిన కొట్లాటలన్నీ ఒక రకంగా లెక్కల కొట్లాటలే. పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన పంట తన ఇంటికే రావాలని నిలబడ్డది. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చిండు. పండించినోనిది ఎంత, గుంజుకునేవానిది ఎంత అన్నదే ఆనాటి ప్రశ్న. ప్రశ్న అట్లనే ఉన్నది, చిట్టా మాత్రం చేతులు మారింది.

1997–98లో పత్తికి పురుగు తగిలి రైతులు ఉరిపోసుకున్నది, పురుగులకని తెచ్చిన మందే తాగింది మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే. ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం అప్పుడు ఆ జిల్లానే. విత్తనాలు ఉద్దెరకు ఇచ్చినాయనే మందులు ఇచ్చిండు, ఆయనే పంట కొన్నడు, ఆయనే లెక్క రాసిండు. తీసుకునేది, ఇచ్చేది, రాసేది ఒక్కని చేతులనే ఉంటే ఇంక తప్పు పట్టేదెవరు?

తర్వాత వారం వారం కిస్తీలు వచ్చినయి. 2010ల ఆ వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే, ఉమ్మడి రాష్ట్ర సర్కారు అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చింది, అది 2011ల చట్టమైంది. పదేండ్ల పైన వాళ్ల సప్పుడు తగ్గింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అందుకే మళ్ల మోటార్‌సైకిళ్లు వాడలకు వస్తున్నయి. పుస్తకాలు వాళ్ల సంచిల ఉన్నయి. మీ సంచిల ఏమున్నది? అదీ నా ప్రశ్న.

ఎన్ని తీర్లు, ఏది మంచిది

ఇగ అసలు పనికి వస్త. ఇంటి లెక్క పెట్టుకునే తీర్లు నాకు తెలిసినంతల ఐదు. ఇందులో ఏదీ గొప్పది కాదు, ఏదీ తక్కువది కాదు. ఎవరింటికి ఏది ఆనుతదో చూసుకోవాలె.

మొదటిది డబ్బాల తీరు. మా అవ్వకు అక్షరం రాదు. నాలుగు డబ్బాలు పెట్టుకున్నది. బియ్యం డబ్బా, బడి డబ్బా, దవాఖాన డబ్బా, బాకీ డబ్బా. కూలి చేతుల పడ్డనాడే నాలుగిట్ల పంచేది. పట్నాలల్ల చదువుకున్నోళ్లు దీన్నే కవర్లల్ల పెట్టి చేస్తరు, పుస్తకాలు గూడ రాసిండ్రు. మన అవ్వలకు అది గల్లగురిగి నాటి విద్య. ఇందుల లాభం ఏందంటే చదువు అక్కర లేదు, డబ్బా తడితే సప్పుడు చెప్తది. లోటు ఏందంటే, దవాఖాన డబ్బాల నుంచి తీసి బాకీ కట్టినమనుకో, వారం దాటితే యాది ఉండదు. దానికి మందు మా అవ్వే చెప్పింది. తీసిన డబ్బాల వందకు ఒక చింతగింజ వెయ్యాలె, తిరిగి పెట్టిననాడు గింజ తియ్యాలె. దొర ముందు చెల్లని గింజ ఇంట్ల చెల్లుతది.

రెండోది క్యాలెండర్ తీరు. కిరాణ కొట్టాయన ఉగాదికి ఇచ్చే క్యాలెండర్ ప్రతి ఇంటి గోడకు ఉన్నది. పాల లెక్క ఇప్పటికే దాని మీద రాస్తున్నరు గదా. అట్లనే కూలికి పోయిన దినానికి ఒక నిలువు గీత. పైస చేతికి వస్తే ఆ గీత మీద అడ్డగీత. కిస్తీ కట్టిననాడు గుండ్రం. నెలాఖరున చూస్తే అడ్డగీత పడని నిలువు గీతలు ఎన్ని ఉంటే అన్ని దినాల కూలి మనకు రావలసి ఉన్నట్టు. 2006ల ఉపాధి హామీ మొదలైనప్పుడు మన వరంగల్ జిల్లా మొదటి విడతలనే ఉన్నది. సామాజిక తనిఖీలు వచ్చి మస్టర్‌ల దినాలు చదివితే, గోడ మీద గీతలున్న ఇండ్లు "మేము ఇన్ని దినాలు చేసినం" అని గట్టిగ చెప్పగలిగినయి. గీతలు లేని ఇండ్లు నోరు తెరిచి చూసినయి.

మూడోది నోటుబుక్కు తీరు. ఒక పక్క వచ్చింది, ఒక పక్క పోయింది. ఇది అందరికి తెలుసు. కాని మనకు రెండు గడులు సాలవు, నాలుగు కావాలె. మూడో గడి: ఎవరికి ఇచ్చేది ఉన్నది, ఎవరి దగ్గర వచ్చేది ఉన్నది. నాలుగో గడి: పైస రాని కష్టం. అంటే కౌలు చేన్ల భార్యాభర్తలు చేసిన దినాలు, పిల్ల బడి మానేసి కలుపు తీసిన దినాలు. ఈ నాలుగో గడి లేకపోతే పత్తి మీద లాభం వచ్చిందని మురుస్తం. మద్దతు ధర లెక్క కట్టేటప్పుడు సర్కారు గూడ ఇంటి మనుషుల కష్టాన్ని ఖర్చుల కలుపుతది. సొంత భూమి కౌలు విలువ, పెట్టుబడి మీద మిత్తి గూడ కలిపే లెక్క ఇంకొకటి ఉన్నది. ఢిల్లీల కూసున్నోళ్లు మన చాకిరికి ఇంతో అంతో ధర కడుతుంటే, మనమే మన చాకిరికి సున్నా వేసుకుంటున్నం.

జపాన్ దేశంలో హాని మోటోకో అనే ఆమె, ఆ దేశపు తొలి మహిళా జర్నలిస్టు, 1904లోనే ఆడవాళ్ల కోసం ఇంటి లెక్కల పుస్తకం అచ్చేసింది. నూరేండ్లు దాటినా అక్కడ ఇండ్లల్ల ఆ అలవాటు బతికే ఉన్నది. ఇంటి పద్దు రాయడం చిన్న పని అయితే ఒక జర్నలిస్టు దాని కోసం పుస్తకం వెయ్యదు.

నాలుగోది ఫోను తీరు. 2016 నుంచి ఫోన్ల పైసలు పంపుడు వచ్చింది. ఛాయ తాగినా, కిస్తీ కట్టినా తారీకుతో సహా అందుల ఉంటది. మన వైపు సాక్ష్యంగా అది మంచిదే. కాని ఆ మెసేజీ ఇంగ్లిషుల వస్తది, ఫోను కొడుకు చేతుల ఉంటది. పైస కండ్లకు కనపడకుంట పోతది, పోయినట్టు బాధ గూడ కలగదు. అందుకని ఫోన్ల పోయింది రాత్రికి నోటుబుక్కుల ఎక్కాలె. ఇంకో జాగ్రత్త. ఫోన్లనే అప్పు ఇస్తమని వచ్చేవాళ్ల జోలికి పోవద్దు. 2020ల అట్లాంటి ఆప్‌ల బెదిరింపులకు మన రాష్ట్రంల మనుషులు ప్రాణాలు తీసుకున్నరు.

ఐదోది సంఘం పుస్తకం. మహిళా సంఘాలకు పంచసూత్రాలు ఉన్నయి. మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంల కట్టుడు, ఐదోది పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుడు. నాలుగు సూత్రాలు అందరికి నోటికి వస్తయి. ఐదోది మాత్రం "పుస్తకం రాసే అక్క చూసుకుంటది" అంటరు. రాసే అక్క మీద నాకు అనుమానం లేదు. కాని సంతకం పెట్టేముందు "నా పేరు మీద ఎంత ఉన్నదో చదువు" అని అడుగుడు మన హక్కు. చదివింది ఇంటి పుస్తకంతో కలవాలె. కలవకపోతే సంతకం ఆపాలె.

మనది నెల కాదు, కార్తె

ఉద్యోగస్తునికి ఒకటో తారీకు ఉంటది. మనకు కార్తె ఉంటది. పత్తి ఏరే రోజులల్ల చేతినిండ పని. మిరప ఏరుడుకు పోతే పిల్లాజెల్లా అందరికి పని. మృగశిర వచ్చిందంటే బడి పుస్తకాలు, విత్తనాలు, ఇంటి కప్పు, మూడూ ఒక్కసారే మీద పడతయి. భాద్రపదంల జ్వరాలు. దసరాకు కొత్త బట్టలు. రెండేండ్లకోసారి మేడారం. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలల్ల, కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పని చేసే తమ్ముండ్లకు ఠేకా మారితే రెండు నెలలు ఖాళీ. అందుకే మనం నెల లెక్క చూసుకుంటే మోసపోతం. ఏడాది లెక్క చూడాలె.

బోర్డు మీద ఒక ఇల్లు వేసి చూపిస్త. ఉత్త ఉదాహరణ. ఇద్దరు కూలికి పోతరు. మంచి నెలలు ఐదు, నెలకు 16,000. నడి నెలలు మూడు, నెలకు 9,000. ఎండిన నెలలు నాలుగు, నెలకు 4,000. మొత్తం ఎంతైంది? 80,000, 27,000, 16,000. కలిపితే 1,23,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 10,250.

ఇప్పుడు వినండ్రి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి పూచీకత్తు లేకుండ ఇచ్చే అప్పుల విషయంల, ఆ ఇల్లు కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంల సగం దాటొద్దు. ఒక్క కంపెనీ కిస్తీ కాదు, అన్ని అప్పుల కిస్తీలు కలిపి. మన ఇంటికి సగం అంటే 5,125. కాని అప్పు ఇచ్చే పిలగాడు పత్తి కాలంల వచ్చి "నెలకు ఎంత వస్తదక్కా" అంటే మనం మురిపెంగా "పదహారు వేలు" అంటం. ఆయన సగం 8,000 అని రాసుకుంటడు. ఆ తేడా 2,875 ఎక్కడి నుంచి కడతం? ఎండిన నెలల ఇంటికి వచ్చేదే 4,000. ఇంకో అప్పు తెచ్చి కడతం. కిస్తీకి కిస్తీ పుడతది. ఇంట్ల ఏడాది పుస్తకం ఉంటే దాన్ని ముందట పెట్టి "ఇగో, మా సగం ఇంతే" అని చెప్పొచ్చు. అప్పు కార్డు మనకు తెలిసిన భాషలనే ఇయ్యాలని గూడ ఆ నియమంల ఉన్నది. ముందుగ కట్టేస్తే జరిమానా వెయ్యొద్దని గూడ ఉన్నది. అడగండ్రి. అడగనోనికి నియమం ఉండి లాభం లేదు.

గిరిగిరి ఫైనాన్స్ లెక్క గూడ చూద్దాం. పది వేలు అని రాసి చేతికి 8,500 ఇస్తడు. రోజుకు వంద, వంద దినాలు. పదిహేను వందలే గదా మిత్తి, మూడు నెలలకు ఎక్కువేం కాదు అనుకుంటం. తప్పు ఎక్కడున్నది? 8,500 మన దగ్గర వంద దినాలు ఉండదు. రెండో దినం నుంచే వాపస్ పోతుంటది. యాభయ్యో దినానికి సగం పోయింది. సరాసరి మన దగ్గర ఉన్నది నాలుగు వేల చిల్లరే. దాని మీద మూడు నెలల పది దినాలకు 1,500. అంటే నూటికి నెలకు పది రూపాయల మిత్తి పడ్డట్టు. నూటికి మూడు అంటే "అమ్మో" అని వెనుకకు పోయే అక్కలు, నూటికి పదికి నవ్వుకుంట సంతకం పెడుతున్నరు. లెక్క రాకపోవుడు అంటే ఇది.

పేదోళ్లకు లెక్క ఉండదు, దుబారా ఎక్కువ అని పెద్దోళ్లు అంటరు. అది అబద్ధం. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాలల్ల 250కి పైగా పేద ఇండ్లకు పక్షానికోసారి పోయి, ఏడాది పొడుగునా లెక్క రాసిన పరిశోధకులు 2009ల ఒక పుస్తకం తెచ్చిండ్రు. అందుల తేలింది ఏందంటే పేద ఇల్లు ఒక్కదాన్ని నమ్ముకోదు. చేబదులు, చిట్టీ, సంఘం, ఉద్దెర, దాచిపెట్టిన పైస, ఇట్ల అనేక తీర్ల పైసను తిప్పుతనే ఉంటది. మన దేశంల ఒక్కో ఇంటికి సరాసరి ఎనిమిది తీర్లకు పైనే. అంటే మన అక్కలు బ్యాంకు మేనేజరు కంటే ఎక్కువ ఖాతాలు తలకాయల మోస్తున్నరు. రాసుకుంటే ఆ బరువు తల మీద నుంచి కాగితం మీదికి దిగుతది. అంతే నేను చెప్పేది.

నా తప్పు ఒకటి

మీకు చెప్పి నేను చెయ్యకపోతే అది పంతులు రోగం. నా సంగతి గూడ చెప్త. నౌకరి వచ్చిన కొత్తల నెల జీతం ఉన్నది గదా అని చిట్టీ ఎత్తిన, బంగారం కుదువ పెట్టిన, తమ్ముని చదువుకు చేబదులు తెచ్చిన. మా ఇంటామె క్యాలెండర్ మీద గీతలు పెడుతుంటే "నేను డిగ్రీ చదివిన, నాకు చెప్తవా" అని నవ్విన. ఒకనాడు ఆమె క్యాలెండర్ దించి నా ముందట పెట్టింది. ఇరవయ్యో తారీకు తర్వాత ప్రతి నెల చేబదులు గుర్తే ఉన్నది. పదకొండు నెలలు వరుసగా. దొర గుమస్తాను పట్టుకున్న పిలగాడు తన ఇంటి లెక్కల తానే గుమస్తా అయ్యిండు. ఆనాటి నుంచి మా ఇంట్ల పుస్తకం ఆమె రాస్తది, నేను చదువుత.

సిగ్గు పడే గడి

మహబూబాబాద్ దిక్కు ఒక తండా పక్క వాడల మాట్లాడుతుంటే ఒక అక్క లేచి "సారూ, మా ఆయన బెల్టు షాపుల తాగింది ఏ గడిల రాయాలె?" అన్నది. అందరు నవ్విండ్రు, ఆమె నవ్వలేదు.

అక్కా, పోయిన గడిలనే రాయాలె. చాటు పేరు పెట్టకుంట రాయాలె. "చిల్లర ఖర్చు" అని రాస్తే అది ఎన్నటికి చిల్లర ఖర్చే. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడవాళ్లు రాత్రిబడి పాఠాల నుంచి లేచి సారా దుకాణాల మీదికి పోయిండ్రు. అక్షరం వచ్చినంక వాళ్లు ముందు చదివింది ఇంటి గోడునే. రోశమ్మ లాంటి వాళ్ల పోరుతో 1993 అక్టోబర్‌ల సారా బందయింది, 1995ల సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997ల దాన్ని ఎత్తేసిండ్రు. నిషేధం పోయింది గని ఆ పోరాటం నుంచి పుట్టిన రోజుకు రూపాయి పొదుపు నిలబడ్డది. ఈనాటి సంఘాలకు అది ఒక వేరు.

అయితే ఒక మాట. పుస్తకం చూసి మొగడు కొట్టే ఇల్లు గూడ ఉన్నది. అట్లాంటి అక్క పుస్తకాన్ని సంఘంల నమ్మకమున్న ఇంకో అక్క ఇంట్ల పెట్టుకోవాలె. పుస్తకం కోసం దెబ్బలు తినుమని నేను చెప్పను.

అన్నలకు గూడ ఒక మాట. తాగుడు ఒక్కటే మన పేదరికానికి కారణమని ఎవరన్న అంటే ఒప్పుకోకండ్రి. భూమి లేకపోవుడు, కూలి తక్కువ ఉండుడు, దవాఖాన ఖర్చు, ఇవి పెద్ద గడులు. ఎంత సక్కగ రాసినా నాలుగు వేలు పది వేలు కావు. పుస్తకం కూలి పెంచదు. కాని కూలి ఎంత పెరగాల్నో అడిగే నోటికి అది మాట అందిస్తది.

ఇంటి పద్దు నుంచి ఊరి పద్దుకు

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగం పట్టుకొని నిలబడ్డ విగ్రహంగనే చూస్తం. ఆయన మొదలు అర్థశాస్త్రం చదివిన మనిషి. 1915ల కొలంబియాలో ఈస్టిండియా కంపెనీ జమాఖర్చుల మీద వ్యాసం రాసిండు. 1923ల లండన్‌ల రూపాయి సమస్య మీద పుస్తకం తెచ్చిండు. అంటరాని కులంల పుట్టిన పిలగాడు పోయి ఏకంగ కంపెనీ చిట్టానే తెరిచి చూసిండు. మనం మన ఇంటి చిట్టా తెరవడానికి జంకుతున్నం.

ఇంటి పద్దు రాసిన చెయ్యి ఊరి పద్దు అడుగుతది. 2013ల ఉమ్మడి రాష్ట్రంల ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణల 2017ల దాని తావున ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మన జనాభాకు తగ్గ వాటా మన కోసమే ఖర్చు కావాలన్నది దాని సారం. మన వాడకు అందుల ఎంత వచ్చింది, దేనికి పోయింది? గ్రామసభల ఈ మాట అడిగేవాడు వచ్చింది, పోయింది అన్న రెండు గడులు తెలిసినవాడై ఉండాలె. సభల లేచి కేకలు వేసేవాన్ని కూసోబెడతరు. తారీకు, పైస చెప్పి అడిగేవాన్ని కూసోబెట్టుడు కష్టం. ఆ సంగతి నాకు 1991 ఉగాదినాడే తెలిసింది.

ఇగ ముగిస్త. మీకు మూడు పనులు చెప్త. ఇయ్యాల ఇంటికి పోయి, ఎవరికి ఎంత ఇచ్చేది ఉన్నదో అంతా ఒక్క కాగితం మీద రాయండ్రి. భార్యాభర్తలు కలిసి కూసుండి రాయాలె, దాచిన అప్పులు గూడ బయటపెట్టాలె. అది రాసే రాత్రి కొట్లాట అయితది, కానియ్యండ్రి. రెండో పని, రేపట్నుంచి ఐదు తీర్లల్ల మీకు నచ్చిన ఒక్క తీరు పట్టుకోండ్రి. పదిహేను దినాలు చాలు. చదువురాని ఇంట్ల ఐదో తరగతి పిల్లకు ఆ పని అప్పజెప్పండ్రి, ఆమెకు లెక్కలు గూడ వస్తయి. మూడో పని, పదిహేను దినాలకు వాడల అందరు కూసున్నప్పుడు పుస్తకాలు తెండ్రి. లోపలి సంగతులు చదవక్కర లేదు. వారం కిస్తీలు కట్టే ఇండ్లు ఎన్ని, ఒక్కో ఇంట్ల సగం దాటింది ఎంత, రావలసిన కూలి దినాలు ఎన్ని, ఇవి మాత్రం కలిపి ఒక పెద్ద కాగితం మీద రాద్దాం. ఒక్క ఇల్లు చెప్తే అది గోడు. అరవై ఇండ్లు కలిపి చెప్తే అది అర్జీ.

మా నాయిన పోయి ఆరేండ్లు. ఆ ఎక్కాల పుస్తకం ఇంకా మా ఇంట్ల ఉన్నది. అట్ట పోయింది, వెనుక పేజీలు పసుపు పడ్డయి, చివరి పద్దు కింద ఆయన వేలిముద్ర ఉన్నది. ఆయన జీవితంల తన లెక్క కింద తాను పెట్టిన వేలిముద్ర అదొక్కటే. అంతకు ముందువన్నీ వేరేవాళ్ల లెక్క కింద పెట్టినవి.

మన వేలిముద్ర, మన సంతకం ఇగ మన లెక్క కిందనే పడాలె.

జై భీమ్.